మీ వాడలో నడవగలమా? కొలిచి తేల్చుకునే పద్ధతి

చిక్కడపల్లిలో మా పిన్ని వాళ్లింటి నుంచి గుడికి ఆరు నిమిషాల నడక. కూరగాయల మార్కెట్ అంతకన్నా దగ్గర. సిటీ సెంట్రల్ లైబ్రరీ, మందుల షాపు, బ్యాంకు, టిఫిన్ సెంటర్, మెట్రో స్టేషన్, అన్నీ పది నిమిషాల లోపే. అయినా పిన్ని గుడికి ఆటోలోనే వెళ్తుంది. ఎందుకని అడిగితే, "మధ్యలో ఆ మెయిన్ రోడ్డు దాటాలి కదరా" అంటుంది.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన బాబాయిది ఇంకో బాధ. "ఫుట్‌పాత్‌లు అద్దంలా ఉన్నాయి. నడిచి వెళ్లడానికే ఏమీ లేదు. పాల డబ్బా కావాలన్నా వాడు ఆఫీసు నుంచి వచ్చి కారు తీయాలి."

ఒక వాడ నడకకు ఎంత అనువుగా ఉందో కొలవాలంటే ఈ ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టుకోవాలి. వెళ్లాల్సినవి దగ్గరగా ఉన్నాయా అన్నది ఒక ప్రశ్న. వెళ్లే దారి సవ్యంగా ఉందా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిది ఇంట్లో కూర్చుని మ్యాపు మీద తేల్చవచ్చు. రెండోది కాళ్లకు పని చెబితే గానీ తేలదు. ఆన్‌లైన్‌లో కనిపించే స్కోర్లలో ఎక్కువ భాగం మొదటి ప్రశ్నకే జవాబిస్తాయి. మన ఊళ్లలో పాత వాడలకు ఆ పరీక్షలో ఎలాగూ ఫస్ట్ క్లాస్ వస్తుంది. ఇంటి కింద కిరాణా కొట్టు, సందు చివర ఇస్త్రీ బండి ఉన్నచోట దూరం ఎప్పుడూ సమస్య కాదు. అందుకే ఈ రెండు లెక్కలూ విడివిడిగా వేయండి. చివర్లో కూడా కలపకండి. ఎందుకో ముందుకెళ్లాక తెలుస్తుంది.

కావాల్సిన సామాను: 5 మీటర్ల టేపు, ఫోను, ప్యాడు, పెన్ను, సుద్దముక్క, తోడుగా ఇంకో మనిషి. ఒక కిలోమీటరు చుట్టుకొలత ఉన్న వాడకు రెండు పనిదినాల సాయంత్రాలు, ఒక మధ్యాహ్నం, ఒక రాత్రి పడుతుంది.

మొదటి పని: ఎవరి నడక, ఎక్కడికి

ముందు ఎవరి కోసం కొలుస్తున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. ముప్పై ఏళ్లవాడికి అడుగు ఎత్తున్న గట్టు లెక్కలోకి రాదు. మోకాళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్ల మనిషికి అదే గోడ. బడికి ఒంటరిగా వెళ్లే పదేళ్ల పిల్ల, బిడ్డను ఎత్తుకున్న తల్లి, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, రాత్రి తొమ్మిదికి డ్యూటీ దిగి వచ్చే నర్సు, వీళ్లలో కనీసం ఇద్దర్ని ఎంచుకోండి. ఆ ఇద్దరూ సాఫీగా నడవగలిగిన వీధిలో మిగతా అందరూ నడుస్తారు.

తర్వాత వాళ్లు వెళ్లే చోట్లు ఒక పది రాయండి. ఇక్కడ విదేశీ పట్టీలు అరువు తెచ్చుకోవద్దు. వాటిలో కాఫీ షాపు, పుస్తకాల దుకాణం ఉంటాయి. మన పట్టీలో ఉండాల్సినవి వేరు: కిరాణా కొట్టు, కూరగాయలు, పాల బూత్, మందుల షాపు, బస్ స్టాప్, బడి లేదా అంగన్‌వాడీ, రేషన్ షాపు, గుడి లేదా మసీదు లేదా చర్చి, కూర్చోవడానికి ఒక పార్కు, దగ్గర్లో డాక్టరు. తెలంగాణలో అయితే బస్తీ దవాఖానా, ఆంధ్రప్రదేశ్‌లో అయితే వార్డు సచివాలయం కూడా చేర్చుకోవచ్చు.

రెండో పని: మ్యాపు మీద దూరాలు

ఈ లెక్కకు దారి చూపినది వాక్‌స్కోర్. 2007లో సియాటిల్‌లో మొదలైంది. 2014లో రెడ్‌ఫిన్ అనే ఇళ్ల అమ్మకాల కంపెనీ దాన్ని కొనుక్కుంది. అమెరికాలో ఇల్లు అద్దెకు వెతుకుతున్న మనవాళ్లందరికీ ఈ అంకె పరిచయమే. దాని సూత్రం తేలిక. ఒక్కో అవసరానికీ ఇంటి నుంచి ఎంత దూరమో చూస్తుంది. 5 నిమిషాల నడకలో, అంటే సుమారు 400 మీటర్లలో ఉంటే పూర్తి మార్కులు. దూరం పెరిగేకొద్దీ మార్కులు తగ్గుతూ, 30 నిమిషాలు దాటితే సున్నా. మొత్తం నూటికి 90 దాటితే రోజువారీ పనులకు కారు అక్కర్లేదని, 50 కన్నా తగ్గితే చాలా పనులకు కారు తప్పదని అర్థం. జన సాంద్రత, వీధుల పొడవు, కూడళ్ల సంఖ్య కూడా కొంత చూస్తుంది. ఫుట్‌పాత్ ఉందా లేదా అన్నది మాత్రం దాని లెక్కలో లేదు.

మనం అంత తిప్పలు పడక్కర్లేదు. నేను వాడే సొంత పట్టిక ఇది. పది చోట్లలో ఒక్కోటి 400 మీటర్లలో ఉంటే 10 మార్కులు, 800 లోపు ఉంటే 6, 1200 లోపు ఉంటే 3, అది దాటితే సున్నా. మొత్తం నూటికి. ఒకే రకానివి నాలుగు ఉన్నా దగ్గరి ఒక్కదానికే మార్కులు. దూరం ఎప్పుడూ నడిచే దారి వెంట కొలవండి, కాకి ఎగిరే దూరం కాదు.

ఈ తేడా ఎంత ఉంటుందో కొండాపూర్, మణికొండ వైపు ఉన్నవాళ్లను అడగండి. కాంపౌండ్ గోడకు అవతలే బస్ స్టాప్ కనిపిస్తుంది. అక్కడికి చేరాలంటే గేటు దాకా నడిచి, గోడ చుట్టూ తిరిగి రావాలి. నడిచే దూరాన్ని కాకి దూరంతో భాగించి చూడండి. గోడకు అవతలి బస్ స్టాప్ 200 మీటర్లలో ఉండి, నడక 700 మీటర్లయితే జవాబు 3.5. నా ఉద్దేశంలో 1.3 లోపు ఉంటే వీధుల అల్లిక బాగున్నట్టు, 2 దాటితే ఎక్కడో ఒక గోడో, నాలానో, రైలు పట్టాలో అడ్డుపడుతున్నట్టు. ఆ అడ్డేమిటో మ్యాపు మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. చాలాసార్లు ఒక చిన్న గేటు తెరిస్తే తీరిపోయే సమస్య అది.

ఇదే సంగతి వాడ మొత్తానికి చూడాలంటే ఓపెన్‌రూట్‌సర్వీస్ అనే ఉచిత సైటు ఉంది. మీ ఇంటి మీద చుక్క పెట్టి, నడక ఎంచుకుని, 400 మీటర్లు అంటే, ఏ వీధి వెంట ఎంతవరకు చేరగలరో ఒక ఆకారం గీసి ఇస్తుంది. దాని వైశాల్యాన్ని అదే వ్యాసార్ధం ఉన్న పూర్తి వృత్తంతో పోల్చండి. 400 మీటర్ల వృత్తం వైశాల్యం సుమారు 50 హెక్టార్లు. ఇక్కడ ఒక కిటుకు. చదరంగం బల్లలా అడ్డంగా, నిలువుగా వేసిన కాలనీలో కూడా ఈ నిష్పత్తి నూటికి 64 దాటదు. ఐమూలగా నడిచే వీలు లేదు కాబట్టి వృత్తం బదులు వజ్రం ఆకారం వస్తుంది. కనుక 55, 60 వస్తే నిరాశపడకండి, అది చాలా మంచి అంకె. 30కి దిగితే మాత్రం ఆలోచించాలి.

ఆ సైటు వాడేది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం. జనం చేతులతో గీసిన మ్యాపు అది. మన పాత వాడల్లో రెండిళ్ల మధ్య మనిషి పట్టేంత సందులు చాలా ఉంటాయి. అవి మ్యాపులో లేకపోతే మీరే చేర్చండి. ఆండ్రాయిడ్ ఫోనులో స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ వేసుకుంటే, నడుస్తుండగానే "ఈ వీధికి ఫుట్‌పాత్ ఉందా, ఏ పక్క?" లాంటి ప్రశ్నలు అడిగి జవాబులు మ్యాపులో పెడుతుంది. ఇంకో జాగ్రత్త, డివైడర్ మూసేసిన చోట కూడా మ్యాపు మిమ్మల్ని నేరుగా అవతలికి దాటించేస్తుంది. పిన్ని ఆరు నిమిషాల నడకలో ఉన్న మోసం అదే.

పరిశోధకుల లెక్కల గురించి ఒక్క మాట

1997లో రాబర్ట్ సెర్వెరో, కారా కాకెల్‌మన్ అనే ఇద్దరు సాంద్రత, వైవిధ్యం, వీధుల రూపకల్పన అనే మూడింటినీ నడకకు మూలమన్నారు. ఆ దారిలోనే లారెన్స్ ఫ్రాంక్ బృందం 2010లో ప్రచురించిన సూచిక నాలుగు అంశాలను కలుపుతుంది: ఇళ్ల సాంద్రత, కూడళ్ల సాంద్రత, స్థలాల రకరకాల వాడకాల (ఇల్లు, కొట్టు, ఆఫీసు) కలయిక, దుకాణాల అంతస్తు వైశాల్యానికి వాటి స్థలంతో ఉన్న నిష్పత్తి. వీటిలో కూడళ్లకు రెట్టింపు బరువు ఇచ్చారు.

నగరంలోని యాభై, వంద వాడలను ఒకదానితో ఒకటి పోల్చాలంటే ఆ పద్ధతి మంచిది. ఒక్క వాడకు దాన్ని వాడలేం, ఎందుకంటే ప్రతి అంకెనూ మిగతా వాడల సగటుతో పోల్చాకే కలుపుతారు. ఇంకో చిక్కు కూడా ఉంది. మన పాత బజారుల్లో కింద కొట్టు, పైన ఇల్లు. భూవినియోగ మ్యాపు ఆ ఇంటికి ఏదో ఒక్క రంగే వేస్తుంది. దాంతో వాడకాల కలయిక లేనట్టు లెక్క వస్తుంది, వాస్తవంలో అంత కలగలిసిన వీధి ప్రపంచంలో ఎక్కడా ఉండదు. కూడళ్లు మాత్రం లెక్కపెట్టుకోండి. మూడు, అంతకన్నా ఎక్కువ దారులు కలిసే చోట్లే కూడళ్లు, మూసుకుపోయిన సందుల చివర్లు కావు.

మూడో పని: టేపు పట్టుకుని వీధిలోకి

అసలు పని ఇక్కడ మొదలు. మొదటి పనిలో రాసుకున్న మనుషులు ఎక్కువగా వాడే రెండు మూడు దారులు ఎంచుకోండి. ప్రతి దారినీ కూడలి నుంచి కూడలికి ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ ఒక నంబరు ఇవ్వండి. రోడ్డుకు ఎడమ పక్క, కుడి పక్క వేరు వేరు ముక్కలు. రోడ్డు దాటే చోటు కూడా ఒక ముక్కే. దాన్ని మర్చిపోయినవాళ్ల లెక్కలన్నీ తప్పుతాయి.

ప్రతి ముక్కలోనూ ముందు కొలవాల్సింది నడవడానికి మిగిలిన వెడల్పు. ఫుట్‌పాత్ వెడల్పు కాదు. ఫుట్‌పాత్ 2 మీటర్లు ఉండి, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఉంటే మనిషికి మిగిలేది 50 సెంటీమీటర్లు. అత్యంత ఇరుకైన చోట టేపు పెట్టి ఆ అంకే రాయండి. దేశంలో రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 103 మార్గదర్శకాల ప్రకారం అడ్డంకులు లేని నడక దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలి, తలకు ఏమీ తగలకుండా 2.2 మీటర్ల ఎత్తు వదలాలి. బజారుల్లో ఇంకా వెడల్పు కావాలి. 1.8 ఎందుకంటే ఎదురెదురుగా వచ్చే రెండు చక్రాల కుర్చీలు తప్పుకోవడానికి అంత పడుతుంది. ఒక కుర్చీ దూరడానికి కనీసం 90 సెంటీమీటర్లు కావాలి. కాబట్టి మీ ఫారంలో మూడు గడులు చాలు: 1.8 పైన, 90 సెంటీమీటర్ల నుంచి 1.8 దాకా, 90 లోపు.

తర్వాత గట్టు ఎత్తు. అదే మార్గదర్శకాల ప్రకారం రోడ్డు మీద నుంచి ఫుట్‌పాత్ 150 మిల్లీమీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు. ఎత్తుగా కడితే బైకులు ఎక్కవని మనవాళ్ల నమ్మకం. బైకులు ఎలాగూ ఎక్కుతాయి, ముసలివాళ్లే ఎక్కలేరు. దాంతో పాటు ప్రతి ఇంటి గేటు ముందూ ర్యాంపు కోసం ఫుట్‌పాత్‌ను తెంచేస్తారు కదా, ఆ ఎక్కడం దిగడం 100 మీటర్లకు ఎన్నిసార్లో లెక్కపెట్టండి. ఎక్కినప్పుడొకటి, దిగినప్పుడొకటి. అది పది దాటితే, ఫుట్‌పాత్ ఎంత కొత్తగా ఉన్నా జనం దాన్ని వదిలి రోడ్డు మీదే నడుస్తారు.

అడ్డంకులను రెండు రకాలుగా విడదీయండి. కదిలేవి, కదలనివి. పార్క్ చేసిన బైకులు, దుకాణం బయట పెట్టిన సామాను, ఇసుక కుప్ప, చెత్త డబ్బా కదిలేవి. స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, చెట్టు, మెట్లు, మూత లేని మ్యాన్‌హోల్ కదలనివి. మొదటి రకానికి పోలీసులూ మున్సిపాలిటీ వాళ్లూ తలుచుకుంటే ఒక్క రోజు పని. రెండో రకానికి టెండరు కావాలి.

తోపుడు బండ్ల దగ్గర కాస్త ఆగాలి. చాలా విదేశీ ఫారాల్లో బండి అంటే అడ్డంకి, మార్కు కోత. నేను ఒప్పుకోను. మొక్కజొన్న పొత్తుల బండి, పూలమ్మే ఆమె ఉన్న వీధిలోనే రాత్రి ఎనిమిదింటికి ఆడపిల్లలు ధైర్యంగా నడుస్తారు. వీధి వ్యాపారులకు 2014 చట్టం రక్షణ కూడా ఉంది. అందుకే బండి ఉన్నదా అని కాదు, బండి పక్కన ఎంత వెడల్పు మిగిలిందని రాయండి. 1.8 మీటర్లు మిగిలితే ఆ బండికి నా ఫారంలో అదనపు మార్కు ఉంటుంది.

అన్ని వీధులకూ ఫుట్‌పాత్ ఉండాలన్న నియమం పెట్టుకోకండి. ఆరు మీటర్ల గల్లీలో అది కుదరదు, అక్కర్లేదు కూడా. అక్కడ కొలవాల్సింది బండ్ల వేగం. గోడ మీద సుద్దతో 50 మీటర్ల ఎడంలో రెండు గీతలు గీయండి. ఒక గీత నుంచి ఇంకో గీతకు బైకు ఎన్ని సెకన్లలో వస్తుందో ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూడండి. 9 సెకన్లు పడితే గంటకు 20 కిలోమీటర్ల వేగం, 6 సెకన్లయితే 30. ఇరవై బండ్లు చూసి, ఎక్కువ భాగం 9 సెకన్ల పైనే తీసుకుంటే ఆ గల్లీ ఫుట్‌పాత్ లేకపోయినా నడవదగ్గదే.

ఇవన్నీ రాశాక, నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఒకటి చెప్తాను. ఆ ముక్క దగ్గర పది నిమిషాలు నిలబడి, ఫుట్‌పాత్ మీద నడిచినవాళ్లను ఒక పక్క, రోడ్డు మీద నడిచినవాళ్లను ఇంకో పక్క గీతలు గీస్తూ లెక్కపెట్టండి. పదిమందిలో ఏడుగురు రోడ్డెక్కితే మీ టేపు ఏం చెప్పినా ఆ ఫుట్‌పాత్ ఫెయిలే. కారణం వెతికితే దొరుకుతుంది. ఒకసారి మాకు టేపు ప్రకారం అన్నీ సరిగ్గా ఉన్న ముక్కలో కూడా జనం దిగిపోతున్నారు. చూస్తే పైన ఒక ఏసీ నుంచి నీళ్లు కారుతున్నాయి.

నాలుగో పని: రోడ్డు దాటడం

దీనికి విడిగా ఒక సాయంత్రం కేటాయించండి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. మన వాడల్లో దూరం దగ్గరే అయినా జనం ఆటో ఎక్కడానికి సగం కారణం ఈ దాటుడే.

సిగ్నల్ ఉన్నచోట రోడ్డు వెడల్పు కొలిచి, నడిచేవాళ్లకు ఎన్ని సెకన్ల పచ్చదీపం ఉందో చూడండి. సాధారణంగా ఇంజినీర్లు మనిషి వేగం సెకనుకు 1.2 మీటర్లు అనుకుంటారు. 14 మీటర్ల రోడ్డుకు 12 సెకన్లు సరిపోతాయన్నమాట. కర్ర పట్టుకున్న మనిషి సెకనుకు 0.8 మీటర్లు నడిచారనుకోండి, ఆమెకు 17 సెకన్ల పైనే కావాలి. మీరు ఎంచుకున్న మనిషిని నిజంగా తీసుకెళ్లి 10 మీటర్లు మామూలు నేల మీద నడిపించి, ఆమె వేగం ముందే తెలుసుకోండి. ఫ్రీ లెఫ్ట్ ఉంటే అక్కడ బండ్లు ఆగుతున్నాయా అన్నది కూడా రాయండి.

సిగ్నల్ లేనిచోట రెండే అంకెలు. దాటడానికి ఎంతసేపు వేచి ఉండాల్సి వచ్చింది, చేయి చూపిస్తే పది బండ్లలో ఎన్ని వేగం తగ్గించాయి. మీరు దాటుతూ కొలవద్దు, పక్కన నిలబడి దాటేవాళ్లను చూడండి. అర నిమిషం దాటితే జనం ఓపిక చచ్చి సాహసం చేస్తారు.

ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉంటే మెట్లు లెక్కపెట్టి, లిఫ్ట్ పనిచేస్తోందో లేదో చూడండి. దాని కింద నుంచే డివైడర్ దూకి దాటేవాళ్లు ఎందరో కూడా లెక్కించండి. చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా వెళ్లే గ్రీన్ లైన్ 2020 ఫిబ్రవరిలో మొదలైంది. అలాంటి మెట్రో స్టేషన్లు ఉన్నచోట వాటి మెట్లు, ఎస్కలేటర్లు ఎక్కి అవతల దిగవచ్చు. అది మంచి సదుపాయమే. కానీ రైలు ఆగిపోయాక, రాత్రి షట్టర్ వేశాక అది దారి కాదు. వేళలు రాసుకోండి.

ఐదో పని: వేళ మార్చి మళ్లీ

మొదటిసారి నేను ఈ సర్వే ఆదివారం ఉదయం ఏడింటికి చేశాను. అద్భుతమైన మార్కులు వచ్చాయి. దుకాణాలు మూసి ఉన్నాయి, బైకులు లేవు, గాలి చల్లగా ఉంది. ఆ కాగితాలన్నీ చింపేయాల్సి వచ్చింది.

పనిదినం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా తప్పనిసరి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండింటికి ఒకసారి నడిచి, ప్రతి ముక్కలో ఎన్ని మీటర్లు నీడ ఉందో అడుగులతో కొలవండి. రెంటచింతలలోనో రామగుండంలోనో నీడ లేని 300 మీటర్లు చల్లని దేశపు రెండు కిలోమీటర్లతో సమానం. ఆ దేశాల ఫారాల్లో దీనికి అసలు గడే ఉండదు. రాత్రి ఎనిమిది తర్వాత వెలుగుతున్న దీపాలు, ఆరిపోయినవి లెక్కపెట్టండి. గట్టు అంచు కంటికి కనిపిస్తోందా, ఎదురొచ్చే మనిషి ముఖం నాలుగడుగుల దూరం నుంచి పోల్చుకోగలుగుతున్నారా చూస్తే చాలు, వెలుతురు కొలిచే మీటర్లు అక్కర్లేదు. వీలైతే వాన కురిసిన మర్నాడు ఒకసారి వెళ్లి నీళ్లు నిలిచిన చోట్లు మ్యాపులో పెట్టండి.

ఆరో పని: నడిచేవాళ్లను, నడవనివాళ్లను అడగడం

వాడ గురించి అక్కడివాళ్ల అభిప్రాయం తెలుసుకునే ప్రశ్నావళి ఒకటి 2003 నుంచి ప్రపంచమంతా వాడుకలో ఉంది. దాన్ని చెన్నైలో పరీక్షించి మన దేశానికి తగ్గట్టు మార్చిన రూపం కూడా వచ్చింది. అంత పొడుగు ప్రశ్నావళి మనకు వద్దు. మూడు ప్రశ్నలు చాలు. నిన్న ఎక్కడెక్కడికి నడిచారు? దగ్గరే అయినా బండి మీద వెళ్లింది ఎక్కడికి? ఎందుకు? రెండో ప్రశ్నే బంగారం. "నడుస్తారా?" అని అడిగితే అందరూ నడుస్తామనే అంటారు.

పార్కులో నడిచేవాళ్లనే అడిగితే నడవలేనివాళ్లు జాబితాలో ఉండరు. అపార్ట్‌మెంట్ల తలుపు తట్టాలి. వాచ్‌మన్‌నీ, పనిమనిషినీ తప్పకుండా అడగండి, వాడలో అందరికన్నా ఎక్కువ నడిచేది వాళ్లే. జవాబులు ఫోనులో రాసుకోవాలంటే కోబో టూల్‌బాక్స్‌లో తెలుగులోనే ఫారం తయారు చేసుకోవచ్చు. పేర్లు, ఫోన్ నంబర్లు తీసుకోవద్దు. వయసు, ఆడ మగ, ఏ వీధి, అంతే.

ఏడో పని: మార్కులు వేయడం

2006లో ప్రపంచ బ్యాంకు కోసం హోలీ క్రాంబెక్ ఒక సూచిక తయారు చేశారు. దాన్నే ఆసియా నగరాలకు మార్చి తొమ్మిది అంశాలతో వాడారు: బండ్లతో పోటీ, నడక దారి ఉందా, దాటే చోట్లు ఉన్నాయా, దాటడం ఎంత క్షేమం, బండి నడిపేవాళ్ల తీరు, నీడా బెంచీల లాంటి వసతులు, వికలాంగులకు ఏర్పాట్లు, అడ్డంకులు, దొంగల భయం. ప్రతి ముక్కకూ ఒక్కో అంశంలో 1 నుంచి 5 దాకా మార్కులు. మీ కొలతలను ఈ తొమ్మిదింటిలోకి సర్దండి. వెడల్పు 90 సెంటీమీటర్ల లోపు ఉంటే అడ్డంకుల్లో 1, అర నిమిషం పైన వేచి ఉండాల్సి వస్తే దాటే క్షేమంలో 2 మించొద్దు, ఇలా ముందే రాసి పెట్టుకుంటే మూడ్‌ను బట్టి మార్కులు మారవు.

ఇద్దరు మనుషులు ఒకరి కాగితం ఒకరు చూడకుండా మొదటి ఐదు ముక్కలకు మార్కులు వేయండి. ఒక్క మార్కు కన్నా తేడా వచ్చిన చోట ఎందుకో మాట్లాడుకోండి. ఆ మాటలకు ఒక గంట పడుతుంది, కానీ అది దాటేశారంటే మిగతా సర్వే అంతా ఇద్దరి అభిప్రాయాల గొడవగా మిగులుతుంది.

ఇప్పుడు సగటు దగ్గరకు వద్దాం. లెక్క తెలియడానికి ఒక ఊహాదారి తీసుకోండి. ఇంటి నుంచి గుడికి 620 మీటర్లు, ఐదు ముక్కలు. 140 మీటర్ల ముక్కకు 4 మార్కులు, 90కి 3, 200కి 4, మెయిన్ రోడ్డు దాటే 40 మీటర్లకు 1, చివరి 150కి 4. పొడవుతో గుణించి కూడితే 2270. దాన్ని 620తో భాగిస్తే 3.66. ఐదుకు మూడున్నర పైన. బాగానే ఉందనిపిస్తుంది. ఆ అంకె చూపిస్తే మున్సిపల్ ఇంజినీరు నవ్వుతూ టీ ఇప్పించి పంపిస్తాడు.

మరి పిన్ని ఆటో ఎందుకు ఎక్కింది? ఆమె ఆ 580 మీటర్లు నడవలేక కాదు. ఆ 40 మీటర్ల దగ్గర ఆగిపోయింది. నడక దారిలో సగటు అనేది లేదు. ఒక్క చోట తెగితే దారే లేదు. అందుకే నేను ప్రతి దారికీ రెండు అంకెలే రాస్తాను: నూటికి ఆ ఇంటి దూరం మార్కు, ఐదుకు అత్యంత తక్కువ వచ్చిన ముక్క మార్కు. ఈ ఇంటికి దూరం మార్కు 90 అనుకుంటే, "90, 1". ఫ్రిస్కోలో బాబాయి వీధికి వేస్తే "15, 5" లాంటిదేదో వస్తుంది. మొదటి వాడకు కావాల్సింది ఒక క్రాసింగ్, రెండో వాడకు కావాల్సింది ఒక కొట్టు. కలిపి సగటు తీస్తే రెండూ ఒకేలా మధ్యరకంగా కనిపిస్తాయి, ఎవరికి ఏం కావాలో తెలియదు.

వాడ మొత్తానికి ఒక్క అంకె కావాలని ఎవరైనా పట్టుబడితే, మీరు ఎంచుకున్న దారుల్లో కనిష్ఠ మార్కు 3 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవి నూటికి ఎన్ని అని చెప్పండి. పది దారుల్లో రెండే నిలబడ్డాయనుకోండి, 20 శాతం. ఆ అంకెకు ఎవరూ టీ ఇచ్చి పంపించలేరు.

ఎనిమిదో పని: కాగితం బయటికి

ముప్పై పేజీల నివేదిక రాయొద్దు. ఒక ఏ3 కాగితం మీద మ్యాపు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతలు, ఎరుపు ముక్క ఒక్కోదానికీ ఒక ఫొటో, ఒక కొలత, ఒక పరిష్కారం. "ఫుట్‌పాత్ బాలేదు" అని రాస్తే ఎవరూ కదలరు. "7వ ముక్క, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన 48 సెంటీమీటర్లు మిగిలింది, 1.8 మీటర్లు ఉండాలి" అని రాస్తే ఫైలు తెరవాల్సి వస్తుంది. ఫొటోల్లో మనుషుల ముఖాలు, బండ్ల నంబర్లు చెరిపేయండి. మన గొడవ బైకు పెట్టినవాడితో కాదు.

అర్జీలో మూడు ఆధారాలు రాయండి: ఐఆర్‌సీ 103 కొలతలు, వికలాంగుల హక్కుల చట్టం 2016, 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఆదేశం. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ వాడుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చే హక్కులో భాగమేనని ఆ ఆదేశంలో కోర్టు చెప్పింది. కదిలే అడ్డంకుల జాబితా ట్రాఫిక్ పోలీసులకు, కదలనివి మున్సిపల్ ఇంజినీరింగ్ విభాగానికి, ట్రాన్స్‌ఫార్మర్లూ స్తంభాలూ విద్యుత్ పంపిణీ సంస్థకు, వేరు వేరుగా ఇవ్వండి. ఒకే అర్జీ ముగ్గురికీ ఇస్తే ముగ్గురూ మిగతా ఇద్దరి వైపు చూస్తారు.

పాత ఫారాలు పారేయకండి. ఆరు నెలల తర్వాత అదే వేళకు, అదే మనిషితో, అవే ముక్కలు మళ్లీ కొలవాలి. సుద్ద గీతలు వానకు పోతాయి కాబట్టి, వాటిని ఎక్కడ గీశారో ఏదో ఒక ఇంటి నంబరుతో సహా ఫారం వెనక రాసి పెట్టుకోండి.